గోడ మీద రెండు కాళ్లు

నా చిన్నప్పుడు మేము శ్రీరాంపూర్ బొగ్గుబాయిల దగ్గర ఉండేవాళ్లం. బాయిలో పైకప్పు కూలి, తనతో జోడీగా పనిచేసే స్నేహితుడు చనిపోయినప్పటి నుంచి మా బాపు పనికి పోలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. కప్పు గట్టిగా ఉందో లేదో కర్రతో కొట్టి వినడం బాయిలో వాళ్ల అలవాటు. బాపు తెల్లారగానే కర్ర పట్టుకొని మా ఇంటి దూలాలు కొట్టేవాడు. అవ్వ, అంటే మా అమ్మ, ఇంట్లో తాళ్లన్నీ ఎక్కడో దాచి, నన్ను బడి మాన్పించింది. "బాపును ఒక్కన్ని ఇడ్సిపెట్టకు బిడ్డా" అని మాత్రం చెప్పింది.

మంచిర్యాల డాక్టరు మందులిచ్చి, చేతులకు ఏదో ఒక పని పెట్టమన్నాడు. అది విని, బాయిలో పనిచేసి రిటైరైన పక్కింటి తాత ఓ బొగ్గుపెళ్ల తెచ్చి బాపు చేతిలో పెట్టి, గోడ చూపించాడు. "నోటితోని రాకుంటె చేతితోని రానియ్యి" అన్నాడు. బాపు పది రోజులు గీశాడు. గోడంతా నలుపే. ఆ నలుపు కింద నుంచి రెండు కాళ్లు బయటికి వచ్చి ఉన్నాయి. నేను ఆ గోడకు వీపు తిప్పి కూర్చొని తినేదాన్ని.

దసరాకు అవ్వ సున్నం నానబెట్టింది. ఆ బొమ్మ పోతే బాపు జబ్బూ పోతుందని, నేను పెద్ద ఆరిందాలా, ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తుండగా కుంచెతో గోడంతా పూసేశాను. బాపు లేచి గోడ చూశాడు. చెప్పులైనా వేసుకోకుండా, మూసేసిన పాత బాయి దిక్కు నడిచిపోయాడు.

నేను తాత దగ్గరికి ఉరికాను. మేము పోయేసరికి బాపు కంచె దాటి, బాయి అంచున కూర్చొని ఉన్నాడు. తాత కేకలేయలేదు. మెల్లగా పోయి పక్కన కూర్చొని భుజం పట్టుకున్నాడు. "పోరి భయపడ్డది రా. గా కాళ్లు ఎవరియో దానికేమెర్క?" అని, నా వైపు తిరిగి, "తుడిస్తె పోదు బిడ్డా. అడుగు" అన్నాడు.

"గా కాళ్లు ఎవరియి బాపూ?" అని అడిగాను.

బాపు, "నా జోడీగానియి. గుంజిన బిడ్డా. రాలే" అన్నాడు. అని వెక్కివెక్కి ఏడ్చాడు. నెలల తర్వాత ఆయన నోట విన్న మొదటి మాటలవి. మర్నాడు మళ్లీ అదే బొమ్మ మొదలుపెట్టాడు. ఈసారి పక్కన నేనూ ఉన్నాను. ఆయన మామూలు మనిషి కావడానికి రెండేళ్లు పట్టింది. అన్నాళ్లూ మందులు మానలేదు, బొగ్గూ వదల్లేదు.

ఇప్పుడు మా మనవరాలు తలుపేసుకొని కాగితాల నిండా నల్లరంగు పూస్తోంది. డాక్టరుకు చూపిస్తున్నాం. ఆ కాగితాలు తీసి పారేద్దామని ఇంట్లోవాళ్లు అంటే నేను పారేయనివ్వలేదు. నిన్న దాని పక్కన కూర్చొని, "ఇదేంది బిడ్డా?" అని అడిగాను. చెప్పలేదు. ఇవాళా చెప్పలేదు. రేపూ అడుగుతాను.