వినపడని బేస్ గిటారు

డెబ్బైల చివర్లో వరంగల్‌లో ఒక పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో, పాట అడుగున మంద్రంగా మోగే బేస్ గిటారు వాయించేవాణ్ణి. హైదరాబాదులో కొన్న పాత గిటారు. దాని తీగల కింద రెండు పికప్‌లు ఉండేవి. తీగ అదిరితే ఆ అదురును ఆంప్లిఫయర్‌కు పంపేవి అవే. ఒకటి పాడైతే రేడియో షాపులో బాగుచేయించాను. ఆనాటి నుంచి నా గిటారుకు గొంతు పోయింది.

ఉన్నదంతా వాడుకోవాలన్న ఆశతో పికప్‌కు ఒకటి చొప్పున ఉన్న రెండు వాల్యూములూ నిండా పెట్టేవాణ్ణి. వచ్చేది రేకు డబ్బా చప్పుడు. తీగలు మార్చాను, ఆంప్లిఫయర్‌ను తిట్టుకున్నాను, వేళ్లలో సత్తువ లేదేమోనని ఇంట్లో తలుపేసుకుని సాధన చేశాను. పైగా పక్కన కూర్చునే ఢోలక్ చాచా మంద్రంగా పలికే వైపు ఎడమచేత్తో దబదబా బాదేవాడు. నా కాస్త చప్పుడూ మింగేస్తున్నాడని ఒళ్లు మండేది.

ఆర్కెస్ట్రా నడిపే అన్న ఒకరోజు తేల్చేశాడు. “తమ్మీ, నీ గిటారు కనబడ్తాంది గని ఇనబడ్తలేదు. తొర్రూరు పెండ్లి దాకా చూస్త. గప్పటికీ గిట్లనే ఉంటే ఇంకొకన్ని పెట్టుకుంట.”

బేస్ వాయిస్తానని చెప్పుకోవడం తప్ప నాకు వేరే గొప్ప ఏమీ లేదు. అదీ పోతుందని భయపడుతూనే తొర్రూరు బస్సెక్కాను.

పందిట్లో పాట మధ్యలో చొక్కా చెయ్యి తగిలి ఒక వాల్యూము సున్నాకు తిరిగింది. ఇక అయిపోయాననుకున్నాను. తీరా చూస్తే వేదిక బల్లలు అదిరేంత నిండుగా మోగింది. మళ్లీ పెంచితే మళ్లీ పలచబడింది. అంటే ఒక పికప్ ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోందన్నమాట. ఒక్కదానితోనే ఆ పెళ్లి గట్టెక్కించాను. మర్నాడు గిటారు విప్పి, రేడియో షాపువాడు తారుమారుగా అతికించిన పికప్ వైర్లు రెండూ ఒకదాని చోట ఒకటి మార్చి అతికిస్తే, రెండూ కలిసి పలికాయి.

కానీ నన్ను ఇప్పటికీ వదలనిది ఆ పెళ్లి భోజనాల దగ్గరి మాట. చాచా ఎడమచెయ్యి ఒళ్లో పెట్టుకుని తింటున్నాడు.

“చాచా, ఇయ్యాల గంత మెల్లగ కొట్టినవేంది?” అన్నాను.

“నువ్వు ఇనబడ్డవ్ గద బేటా. ఇన్నొద్దులు నీ వంతు గూడ నేనే కొడితి. పాటల కింద ఏం లేకుంటే అన్న నిన్ను ఎప్పుడో తీసేస్తుండె.”

ఆ మాట అనేసి ఆయన వడ్డించేవాణ్ణి పిలిచి ఇంకొంచెం పప్పు వేయించుకున్నాడు.