మామిడికాయల లెక్క

చర్ల అవతల గూడెం బడికి బదిలీ మీద వచ్చిన మొదటి ఏడాది, రెండో తరగతికి కూడికలు చెప్పడం కూడా ఒక పనేనా అనుకున్నాను. ఈత గింజలు గుట్టలుగా పోసి నాలుగూ మూడూ కలపమంటే పిల్లలు రెప్పపాటులో ఏడు అనేవాళ్లు. అదే కూడిక మాటల్లో చెప్పి అడిగేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

మాది వేంసూరు. మా వైపు మామిడి పిందె కనపడితే చాలు, ఉప్పూకారం పొట్లం కట్టుకుని చెట్ల కింద తిరిగేవాళ్లం. పిల్లలకు నోరూరితే బుర్ర కూడా కదులుతుందని నా సిద్ధాంతం. వేసవి మొదలవుతూనే బడి చుట్టూ కాయలు గుత్తులుగా వేలాడుతుంటే, ఇంకేం, లెక్క దొరికిందనుకున్నాను.

"నిన్న నాలుగు మామిడికాయలు కోశావు. ఇవాళ మూడు కోశావు. నీ దగ్గర మొత్తం ఎన్ని ఉన్నాయి?"

తక్కిన పిల్లలు నా మొహం చూసి, నాకేది ఇష్టమో పసిగట్టి, నెమ్మదిగా ఏడు అన్నారు. ముందు వరుసలో కూర్చునే పిల్ల మాత్రం "ఏం లేవు మేడం" అంది.

"ఏం, తినేశావా?"

"తిన్లే."

"ఎవరికైనా ఇచ్చావా?"

"ఇయ్యలే."

"మరి ఏమయ్యాయి?"

"కొయ్యలే."

"కోశావనుకో" అన్నాను. ఎందుకు అనుకోవాలన్నట్టు నా వైపు చూసింది.

సంఖ్యలు పెద్దవయ్యాయేమోనని రెండూ ఒకటీ చేశాను. ఏం లేవు. ఇంట్లో కోయ మాట్లాడే పిల్ల, నా తెలుగు అందలేదేమోనని బోర్డు మీద కాయల బొమ్మలేసి చూపించాను. ఏం లేవు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. సోమవారం వేంసూరు నుంచి మా ఇంటి చెట్టు కాయలే సంచీలో తెచ్చి బల్ల మీద పెట్టాను. ముట్టుకుని లెక్కపెట్టమంటే చేతులు వెనక్కి పెట్టుకుంది. నాకు కోపమొచ్చింది, ఆ వెంటనే భయమూ వేసింది. ఈత గింజలతో అంత చురుగ్గా ఉన్న పిల్లకు కాయలు చూడగానే ఏమవుతోంది? నేను చెప్పే తీరులోనే ఏదో తప్పుందా? ఎంత ఆలోచించినా అర్థం కాలేదు.

మా బడిలో రెండు తరగతులే. మూడోదానికి పిల్లలు దూరంగా హాస్టల్ బడికి వెళ్లాలి. పరీక్ష పేపర్లు వచ్చిన రోజునే ఆ పిల్ల తల్లి చంటివాణ్ణి చంకనేసుకుని బడికి వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడింది.

"దీనికి చదువు ఎక్కుతాందా మేడం? ఎక్కకపోతే ఉన్నదున్నట్టు చెప్పు. పోయినేడు పక్కింటి పిల్లను పంపితే ఏం రాదని వాపసు పంపిన్రు. ఇది ఇంటికాడుంటే తమ్ముణ్ణన్నా చూసుకుంటది."

పిల్ల తల వంచుకుని పలక అంచు గోకుతోంది. వస్తుందని చెబితే, వెళ్లాక అక్కడ ఇదే మొండితనం చేస్తుందేమో. రాదని చెప్పడానికి నాకు మనసొప్పలేదు. ఆమె కళ్లతోనే చూడనిద్దామని పేపరు తీస్తే, నా ఖర్మ కొద్దీ అందులోనూ మామిడికాయలే. బిగ్గరగా చదివాను: "ఒక అబ్బాయి నాలుగు మామిడికాయలు కోశాడు. వాళ్ల అక్క మూడు కోసింది. మొత్తం ఎన్ని?"

పిల్ల తన తల్లి వైపు చూసింది. తల్లి నా వైపు చూసింది.

"గిదేం లెక్క మేడం? ఇంకా కొత్తలు కాలేదు గద."

కొత్తలంటే ఏమిటని అడిగాను. ఊళ్లో పెద్దలంతా కూర్చుని రోజు ఖాయం చేస్తారట. ఆ రోజు తొలి కాయలు దేవతకు పెట్టి, అందరూ కలిసి తింటారట. ఆ పండుగ అయ్యేదాకా గూడెంలో ఎవరూ మామిడికాయ కొయ్యరు, కొత్తకాయ నోట పెట్టరు. "మా పిల్ల కోసిందని చెప్పమంటవా?" అంది, నవ్వుతూనే.

నా బుర్ర ఇంకా తిరిగిపోయింది. అంటే పిల్ల చెప్పింది తప్పా, ఒప్పా? పేపరు దిద్దేవాళ్లకు కొత్తల సంగతి ఎవరు చెబుతారు? చింతకాయలు పెట్టి అడిగితే సరిపోయేదే. కానీ పేపర్లో ఉన్నవి చింతకాయలు కావు.

అప్పుడు పిల్ల లేచి నా దగ్గరికొచ్చింది. పేపరు మీద వేలు పెట్టి, తనలో తాను మాట్లాడుకున్నట్టు అడిగింది.

"మేడం, ఈ పిలగాని ఊళ్లె కొత్తలు అయినయా?"

వాడి ఊరేదో నాకేం తెలుసు? ఆ లెక్క రాసినవాళ్లకైనా తెలుసో లేదో. అయినా తల్లి గుమ్మంలో ఎదురుచూస్తోంది.

"అయినాయి" అన్నాను.

"గట్లయితే ఏడు."

తల్లి చంటివాణ్ణి ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. "హాస్టలుకు పెట్టె కొనాలె ఇగ" అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. పేపరు మడిచి లోపల పెట్టబోతుంటే పిల్ల ఇంకా అక్కడే నిలబడి ఉంది. మొహంలో సంతోషం లేదు.

"మరి ఆళ్ల పండుగకు మనల్ని పిలువలేదేంది మేడం?"