తలుపు వేసి అడిగిన ప్రశ్నలు

మా అమ్మ చుట్టాలందరికీ నేను దోమల ప్రాజెక్టులో పనిచేస్తున్నానని చెప్పింది. వైరాలో ఏ పెళ్లికి వెళ్లినా, ఈ ఏడు దోమలు ఎలా ఉన్నాయమ్మా అని పెద్దవాళ్లు ఆప్యాయంగా అడిగేవారు. బాగానే ఉన్నాయనేదాన్ని. నిజానికి నా పని భద్రాచలం దాటాక సరిహద్దు ఊళ్లలో ఎవరికి హెచ్ఐవీ ముప్పు ఎంత ఉందో తెలుసుకోవడానికి ప్రశ్నలు తయారుచేయడం. మిరప కోతలప్పుడు ఛత్తీస్‌గఢ్ నుంచి, ఇటు అడవి ఊళ్ల నుంచి కూలీలు వస్తారు. కొందరు చేలల్లోనే గుడిసెలు వేసుకుని ఉంటారు. లారీలవాళ్లు, దళారులు వస్తూ పోతూ ఉంటారు. వీళ్లందరినీ నొప్పించకుండా అడగాలి.

నొప్పించకుండా అనే మాట మీద హైదరాబాద్ ఆఫీసులో చాలా చర్చ జరిగింది. ఏదీ సూటిగా ఉండకూడదన్నారు. 'ఇంటికి దూరంగా రాత్రులు గడుపుతారా?' అని మొదటి ప్రశ్న పెట్టారు. దుమ్ముగూడెం వైపు ఒక కోయ ఊళ్లో అడిగి చూస్తే ఊరు ఊరంతా అవునంది. అడవిపందులు పడకుండా చేను దగ్గర మంచె మీద పడుకోని మనిషి ఆ ఊళ్లో లేడు. కర్ర సాయం లేకుండా నడవలేని ముసలాయన కూడా, "అవ్, చిన్నప్పటిసంది అక్కడనే" అన్నాడు. మా లెక్క ప్రకారం అందరికన్నా ఆయనకే ముప్పు ఎక్కువ. ప్రశ్న మార్చాం.

మార్చకుండా ఉంచిన నియమం ఒకటుంది. ఎవరిని అడిగినా ఒంటరిగా, గదిలో, తలుపు వేసి అడగాలి. నాకూ అది సబబుగానే తోచింది. మా ఇంట్లో ఇలాంటి మాట తలుపు వేసినా ఎవరూ అనరు. ఆ ఊళ్లో మాత్రం మాటలన్నీ ఆరుబయటే. కాన్పు కష్టమైనా, ఆలుమగల తగవైనా, జ్వరమైనా అందరి ముందే చెప్పుకుంటారు. ఊరి పటేలు వింటాడు, చుట్టూ ఉన్నవాళ్లు తలో మాటా వేస్తారు. అంతకుముందు ఒక్కసారి మాత్రం ఎవరో నర్సు ఒకతన్ని లోపలికి పిలిచి, తలుపు వేసి, ఏదో చెప్పి వెళ్లిందట. తర్వాత అతను బతకలేదు. ఈ సంగతి అప్పుడు మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

మేం మొదట లోపలికి పిలిచింది ఒకామెను. ముప్పై దాటి ఉంటాయి. భర్త పోయాడు, కూతురు ఆశ్రమ పాఠశాలలో చదువుతోంది. మిరప కోతలో చెయ్యి తిరిగిన మనిషి. చీటీలు తీస్తే ఆమె ఇల్లు వచ్చింది, అంతకుమించి కారణం లేదు. అంగన్‌వాడీ గదిలో తలుపు వేసుకుని కూర్చున్నాం. ఓపికగా జవాబులు చెప్పింది. ఏం చెప్పిందో ఇక్కడ కూడా రాయను. రక్తం తీయడం లాంటివి మా పనిలో లేవు. బయటికి వచ్చేసరికి మా జీపు డ్రైవరు, పొద్దుగూకితే ఆ అడవి దారిలో పోలేనని భీష్మించుకున్నాడు. మిగతావాళ్లని మళ్లీ వారం అడుగుదామని బయల్దేరాం.

మళ్లీ వారం వెళ్లేసరికి ఆమెకు రోగం ఉంది. అంటే, ఊరు అలా తేల్చింది. నిప్పు లేనిదే పొగ రాదు కదా, ఊరికే తలుపు ఎందుకు వేస్తారని వాళ్ల వాదన. తాగే నీళ్లు ముంచుకునే ఆనపకాయ బుర్ర ఆమె చేతికివ్వడం మానేశారు. వేరేవాళ్లు పైనుంచి పోస్తుంటే ఆమె దోసిలి పట్టి తాగుతోంది. అంతకన్నా కష్టం, కూలీల ముఠాను నడిపే మేస్త్రి ఆమెను ట్రాలీ ఆటో ఎక్కనివ్వడం లేదు. మిరప కోతే ఆమెకు ఏడాది తిండి. అది పోతే ఎండాకాలం గడవదు.

ఆమె మా మీద అరవలేదు. అరిచినా బాగుండేది. "నాకేమైందో జర నాకు సుత చెప్పుండ్రి మేడమ్. ఊరందరికి ఎర్కైంది, నాకే ఎర్క లేదు" అంది.

నేను తిన్నగా పటేలు దగ్గరికి వెళ్లాను. ముందు మీరే లోపలికి రావాలి, తలుపు వేసి మాట్లాడతామన్నాను.

"నేనెందుకు బిడ్డా? నాకు మంచిగనే ఉన్నది గద."

"ఆమెకూ మంచిగానే ఉంది" అన్నాను.

ఆయన చుట్ట ఆర్పాడు. తర్వాత లేచి, తలపాగా సర్దుకుని, లోపలికి వచ్చి కూర్చున్నాడు. ఆయన ప్రాణాలతో బయటికి రావడం చూశాక ఊళ్లోవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. సాయంత్రానికి ఆ తలుపు లోపల కూర్చోని పెద్దవాళ్లెవరూ ఊళ్లో మిగల్లేదు. ఇప్పుడు అందరికీ రోగమైనా ఉండాలి, లేదా ఎవరికీ ఉండకూడదు. ఊరు రెండోది ఎంచుకుంది.

మేస్త్రి మాత్రం ఒప్పుకోలేదు. "నాదేమున్నది మేడమ్? ఆ ముచ్చట రైతు దాక పోయింది. తోల్కరావద్దంటుండు" అన్నాడు.

ఆ మిరప చేల రైతుది తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. వెతికితే మాకు దూరపు వరస కూడా తగిలింది. మిరపకాయలు ఆరబోసిన కల్లంలో కుర్చీ వేసి, మజ్జిగ ఇప్పించి, "దోమలు ఎలా ఉన్నాయమ్మా?" అని అడిగాడు. మా అమ్మ ప్రచారం గోదావరి దాకా వచ్చేసింది. దోమలు కావు బాబాయ్‌గారూ అని మొదలుపెట్టి, ఉన్నదంతా చెప్పాను. ఆ రాత్రికే వైరాలో తెలిసిపోతుందని నాకు తెలుసు.

ఆయన గొంతు తగ్గించాడు. "నాతో చెప్పడానికేముంది? ఆ మనిషికి ఉందా, లేదా?"

లేదు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క మాటతో ఆమె మర్నాడే పనిలోకి వచ్చేది. కానీ ఈమెకు లేదని చెబితే, రేపు ఇంకొకరి గురించి అడిగినప్పుడు నేను నోరు మెదపకపోవడమే జవాబైపోతుంది. పైగా ఉందో లేదో నాకు మాత్రం ఏం తెలుసు?

"మేం పరీక్షలేం చేయలేదు బాబాయ్‌గారూ, ప్రశ్నలు అడిగామంతే. ఎవరి గురించీ ఉందని చెప్పం, లేదనీ చెప్పం."

"అంటే ఉందన్నమాట" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "అయితే మీరూ రండి. సరుకు తీసుకుని ఖమ్మం మార్కెట్టుకు పోతారుగా, అక్కడ పడుకుంటారుగా. ఈ ప్రశ్నలు మీకూ సరిపోతాయి" అన్నాను. రైతుల్ని అడగాలని అంతవరకూ మా ఆఫీసులో ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు.

ఆయన నవ్వి భార్య వైపు చూశాడు. ఆమె రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ, "వెళ్లండి. అడిగితే అరిగిపోతారా?" అంది.

ఎరువుల గదిలో రెండు స్టూళ్లు వేసుకుని తలుపు మూశాను. మొదటి ప్రశ్నలకు బయటికి వినపడేలా జవాబు చెప్పాడు. తర్వాత్తర్వాత గొంతు తగ్గింది. ఆయన ఏం చెప్పాడో అదీ రాయను.

బయటికి వచ్చేసరికి కల్లంలో ఎవరి చేతులూ ఆడటం లేదు. మేస్త్రి, కూలీలు, కాటా వేసేవాడు, అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఆయన భార్య లేచి నా దగ్గరికి వచ్చింది.

"ఏం చెప్పారు?"

"చెప్పకూడదు పిన్నీ."

ఆమె కళ్లు చిన్నవి చేసి, "ఉందా?" అంది.

ఆ మాట ఆయనకు వినపడింది. "ఊరికే అడిగారే, ఏం లేదు" అన్నాడు అందరికీ కలిపి. ఎవరూ తల ఊపలేదు. తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. తర్వాత మేస్త్రిని పిలిచి, "రేపట్నుంచి ఆ మనిషిని కూడా తీసుకురా" అన్నాడు. నా వైపు చూడలేదు.

కోతలు అయిపోవస్తుండగా సంతలో ఆమె కనపడింది. మిరప ఘాటుకు వేళ్లు పొట్టు లేచి ఉన్నాయి, చేతిలో ఎండుచేపల పొట్లం ఉంది. నాకు చెప్పలేనంత సంతోషం వేసి, అంత దూరం నుంచే పిలవబోయాను. ఆమె గబగబా వచ్చి, నన్ను చూడకుండా, పక్కనున్న ఉల్లిగడ్డలు ఏరుతున్నట్టు వంగింది.

"మీ మేలు మర్వ మేడమ్. గని నలుగుర్ల నన్ను పల్కరియ్యకుండ్రి. మీరు మాట్లాడిండ్రంటే మల్ల మొదలైతది" అంది.

నేను సరేనన్నాను. అది కూడా ఉల్లిగడ్డలతో చెప్పాను. ఆమె గుంపులో కలిసిపోయింది. జీపులో కూర్చున్నాక ఏడుపు వచ్చింది.

ఇప్పటికీ ఆ సంతకు వెళుతుంటాను. అప్పుడప్పుడు ఎదురుపడుతుంది. ముందు ఆమె చూపు తిప్పుకుంటుంది, తర్వాత నేను తిప్పుకుంటాను. ఎన్నిసార్లు చేసినా ఆ పని నాకు చేతకావడం లేదు.