స్కూటర్ అద్దాలకు సంచులు

ఉదయం ఆరుంపావుకు ఒక తేనెపిట్ట వచ్చి, మా గేటు పక్కన నిలిపిన స్కూటర్ అద్దాన్ని పొడవడం మొదలుపెట్టింది. అద్దంలో ఉన్నది ఇంకో పిట్ట అనుకుంది.

"ఏంది దీనికింత కోపం, మీ మాదిరే! ముక్కు పగలగొట్టుకుంటాది చూడండి," అంది నా భార్య.

ఆ రోజే నా పాత లుంగీ చించి రెండు చిన్న సంచులు కుట్టింది. సాయంత్రం నేను అంగడి నుంచి రాగానే వాటిని అద్దాలకు తొడిగి ముడి వేసేది. పొద్దున నేను బయల్దేరే ముందు విప్పేది.

ఒక రాత్రి ఆమెను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఆమె తిరిగి రాలేదు.

పదహారో రోజు కార్యం అయ్యాక, అంగడి తెరుద్దామని స్కూటర్ దగ్గరికి వెళ్లాను. ఆమె తొడిగిన సంచులు అలాగే ఉన్నాయి. ముడి పట్టుకున్నాను గానీ విప్పలేకపోయాను.

పిట్ట ఇంకా వస్తుంది. హ్యాండిల్ మీద కాసేపు కూర్చుని పోతుంది. నేను అంగడికి నడిచే వెళ్తున్నాను. స్కూటర్ బయటికి తీయడం లేదు.