సంతకం పెట్టని రెండు రోజులు

ఆసుపత్రిలో ఆవిడ అసలు పేరు గది తలుపు మీద తప్ప ఎక్కడా వినపడదు. అందరికీ ఆవిడ నాన్చుడు డాక్టరమ్మ. రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కల్ని మైక్రోస్కోపు కింద చూసి జబ్బేమిటో తేల్చడం ఆవిడ పని. ఇరవై రెండేళ్ళుగా కణాలు చూస్తోంది గానీ, వాటి తాలూకు మనుషుల్ని చూసింది తక్కువ. ఇంట్లో కిటికీకి కర్టెన్ రంగు ఎంచడానికి మూడు వారాలు తీసుకుంది. "ఇంకో వారం ఆగితే కిటికీకి గోడ కట్టించేసేవాణ్ణి" అని మొగుడు వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్విస్తాడు. ఆవిడా నవ్వుతుంది, మారదు.

ఒక మంగళవారం బస్సు కండక్టరమ్మ రొమ్ములో గడ్డ నుంచి సూదితో తీసిన ముక్క బల్ల మీదికొచ్చింది. పక్కగది డాక్టరు ఒంగి చూసి, "మామూలు రొమ్ము క్యాన్సరే కదండీ, రాసెయ్యండి" అని టీకి వెళ్ళిపోయాడు. ఆవిడకూ మొదట అలాగే అనిపించింది. కానీ రొమ్ము కణాలు చెడినా సాధారణంగా ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని గుంపులు కడతాయి. ఇవేమో పేచీ పడ్డ తోడికోడళ్ళలా దేనికది ఎడంగా నిలబడ్డాయి. విడివిడిగా ఉండే రకం రొమ్ము క్యాన్సరూ ఉంది, నిజమే. అయినా మనసొప్పలేదు. రెండు ప్రత్యేక రంగులు వేయించమంది. ఒకటి రొమ్ము కణాలకు పట్టేది, రెండోది తెల్లరక్తకణాలకు పట్టేది. దానికి రెండు రోజులు కావాలి.

సర్జన్ మాత్రం స్కాన్లు చూసి, రిపోర్టు ఎలాగూ అదే వస్తుందన్న ధీమాతో, గురువారం పొద్దున రొమ్ము తీసేయడానికి అంతా సిద్ధం చేసుకున్నాడు. సంగతి తెలిసి మెట్లు దిగి స్వయంగా వచ్చాడు.

"మేడమ్, ఆలస్యం అమృతం విషం అంటారు."

"నిదానమే ప్రధానం అని కూడా అంటారండి."

"ఆవిడ ఏడ్చి ఏడ్చి ఇప్పుడే మనసు గట్టి చేసుకుంది. మళ్ళీ మొదటికి తెస్తే ఎలా?"

"తీసేశాక తిరిగి పెట్టలేం కదా బాబూ."

బుధవారమంతా డాక్టరమ్మ ఆ ముక్కనే మళ్ళీ మళ్ళీ మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. అనుమానం తప్పయితే ఒక మనిషిని ఊరికే వేధించినట్టే మరి.

గురువారం ఎనిమిదింటికి గాజుపలకలు వచ్చాయి. మొదటి రంగు ఆ కణాలకు అంటనేలేదు. రెండోది గోధుమరంగులో దట్టంగా పట్టేసింది. అది రొమ్ములో అరుదుగా పుట్టే లింఫోమా, అంటే తెల్లరక్తకణాల క్యాన్సరు. దానికి రొమ్ము తీయక్కర్లేదు, మందులతో లొంగదీస్తారు. ఆవిడ ఫోన్ చేయడం కూడా మర్చిపోయి, చెప్పులు టపటపలాడించుకుంటూ పై అంతస్తుకి పరుగెత్తింది. నర్సులు నోరెళ్ళబెట్టారు. సర్జన్ రిపోర్టు రెండుసార్లు చదివి, చేతి తొడుగులు విప్పేశాడు.

ఏడు నెలలకు మందులన్నీ పూర్తయ్యాక, అప్పుడప్పుడే మొలుస్తున్న జుట్టుతో కండక్టరమ్మ ల్యాబులోకి దూసుకొచ్చింది.

"నా ఆపరేషన్ ఆపింది మీరేనా? రిపోర్టు రాని ఆ రెండు రోజులూ మిమ్మల్ని తిట్టని తిట్టు లేదమ్మా!"

డాక్టరమ్మ బెదిరిపోయింది. పాత పలక తీసి మైక్రోస్కోపు కింద పెట్టింది. కండక్టరమ్మ ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది.

"ఇవేనా? ఈ పిసరంత చుక్కల కోసమా నేను రొమ్ము తీయించుకోబోయాను?"

పకపకా నవ్వింది. నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. మంగళవారమే సంతకం పెట్టేసి ఉంటే అన్న తలంపు రాగానే డాక్టరమ్మ కుర్చీలోంచి లేచింది. గబుక్కున వెళ్ళి ఆ మనిషిని కావలించుకుంది.

కాసేపటికి కండక్టరమ్మ కళ్ళు తుడుచుకుంది.

"ఆగండమ్మా, ఇంకోసారి చూడనివ్వండి. మిమ్మల్ని తిట్టిన తిట్లన్నీ వీటికి చెందాల్సినవి."

డాక్టరమ్మ తన కుర్చీ ఆవిడ వైపు జరిపింది.