పిల్లలకి పెట్టిన లోపలి ముక్కలు

తొమ్మిదేళ్ళుగా నవంబర్ వస్తోందంటే చాలు, నాకు కడుపులో తిప్పుతుంది. మావారు గ్యాస్ అనుకుంటారు. మా అమ్మాయి చలి అనుకుంటుంది. అనుకోనిచ్చాను. అసలు సంగతి వేరు. ఒక మనిషి చేతి వంటకి నేను చెడ్డపేరు తెచ్చాను. పొరపాటున కాదు, తెలిసే. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియక్కర్లేదు. బహుశా అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళ ముందు ఈ మాట నాలుక చివరిదాకా వచ్చి ఎన్నిసార్లు వెనక్కి పోయిందో లెక్కే లేదు.

మేముండేది మిషిగన్‌లో, నోవైలో. ఎనిమిది తెలుగు కుటుంబాలం ఏటా నవంబర్ చివర వచ్చే ఇక్కడి పండగ, థాంక్స్‌గివింగ్‌కి మా ఇంట్లో కలుస్తాం. ఎవరేం తెస్తారో ముందుగా ఆన్‌లైన్ షీట్‌లో రాసుకుంటాం. ఒక గడిలో పేరు, పక్క గడిలో వంటకం. ఆ షీట్ తయారుచేసేది నేనే. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి.

తొమ్మిదేళ్ళ కిందటికి రమణి ఇండియా నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు. తణుకు వైపు మనిషి. భర్త కార్ల కంపెనీలో ఇంజనీరు. ఆమె వీసా మీద ఉద్యోగం చెయ్యడానికి లేదు. డ్రైవింగ్ రాదు. మంచు చూస్తే భయం. షాపులో ఎవరైనా ఇంగ్లిష్‌లో పలకరిస్తే ఐదేళ్ళ కూతుర్ని ముందుకు తోసేది. అదే మనిషి, వంటింట్లోకి వెళ్తే మహారాణి! ఆమె పెరుగు గారెలు నాలుగేసి తిని, ఐదోదానికి సిగ్గుపడి, సిగ్గుపడుతూనే తినేవాళ్ళం. ఎవరింట్లో సీమంతమైనా, పుట్టినరోజైనా "రమణిని అడుగుదాం" అనేవారు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆ పిల్ల ఈ కొత్త దేశంలో నిలబడింది. అది నాకు తెలుసు. నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు, ఎందుకంటే ఆమె అక్కా అక్కా అంటూ తిరిగింది నా చుట్టూనే.

సరే, టర్కీ కోడి దగ్గరికి వస్తాను, ఆ పండక్కి ఇక్కడ ఇంటింటా వండేది అదే. ఇందాకటి నుంచి దాన్ని తప్పించుకుంటున్నానని నాకే తెలుస్తోంది.

అంతకుముందు వరకూ మా థాంక్స్‌గివింగ్ అంటే బిర్యానీయే. ఆ ఏడు మా అమ్మాయి ఒకటో తరగతి. క్లాసులో అందరూ టర్కీ గురించి చెబుతుంటే తను మాత్రం మా ఇంట్లో బిర్యానీ అందట, ఎవరో నవ్వారట. "మమ్మీ, ఈ ఒక్కసారి రియల్ థాంక్స్‌గివింగ్ చేద్దామా?" అని అడిగింది. అబ్బ, ఆ మొహం చూసి ఎవరు కాదనగలరు? మొత్తం పక్షి అంటే నాకు భయం. అందుకని ఎముకతో ఉన్న బ్రెస్ట్, అంటే రొమ్ము ముక్క, ఒక్కటి తెచ్చాను. వెన్న, ఉప్పు, మిరియాలు చాలు, చాలా సింపుల్ అని ప్యాకెట్ మీద ఉంది. మనకి అది చాలుతుందా? పెరుగు, అల్లంవెల్లుల్లి, కారం, పసుపు, గరం మసాలా అన్నీ దట్టించాను. అవెన్‌లోకి వెళ్ళకముందే ఎర్రగా నిగనిగలాడింది. మసాలా రుద్దుతున్నప్పుడు ఎముక దగ్గర ఇంకా గట్టిగా, ఐసులా తగిలింది. వేడికి అదే కరుగుతుందిలే అనుకున్నాను.

మధ్యాహ్నం ఒంటిగంటకల్లా జనం దిగారు. అందరి చేతుల్లో అల్యూమినియం ట్రేలు. మన పార్టీల సంగతి మీకు తెలిసిందే కదా, అందరి వంటలూ వేడెక్కాల్సింది ఆ ఒక్క అవెన్‌లోనే. "అక్కా, బిర్యానీ చల్లారిపోయింది, అవెన్ ఎప్పుడు ఖాళీ అవుద్ది?" "మాది కూడా పెట్టాలి ఆంటీ." నేను టర్కీలో థర్మామీటర్ గుచ్చి చూశాను. ఫారెన్‌హీట్‌లో నూట అరవై ఐదు రావాలి. నూట నలభై చూపించింది. అది చూసింది నేనొక్కదాన్నే. ఇంకో అరగంట ఆగండి అనొచ్చు కదా? నోరు రాలేదు. మొదటిసారి చేస్తూ చేతకాలేదనిపించుకోవడమా? బయటికి తీసేశాను.

కోస్తే పైన బ్రహ్మాండంగా ఉంది. లోపల గులాబీ రంగు. ముక్క జారుతోంది. చూసినవాళ్ళు మసాలా రంగే అనుకున్నారు. నేను మాత్రం అనుకోలేదు. ఇక్కడే నా చేతులు చేసిన పని చెప్పాలి. మన ఇళ్ళల్లో కారం పిల్లలకి తగలకుండా చూస్తాం. ముక్క కడిగి పెడతాం, పై పొర తీసి లోపలిది పెడతాం. అది ప్రేమే. నేనూ అదే చేశాను. మసాలా పట్టిన పై ముక్కలు పెద్దవాళ్ళకి, మెత్తటి లోపలి ముక్కలు పిల్లల ప్లేట్లలోకి. మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు పెడదామా అని ఒక్క క్షణం అనిపించింది కూడా. మా అమ్మాయి ప్లేటు పట్టుకుని ఎదురుగా నిలబడింది, కళ్ళు వెలిగిపోతున్నాయి. పెట్టేశాను.

మర్నాడు సాయంత్రానికి ఆరుగురు పిల్లలకి వాంతులు, విరేచనాలు, జ్వరం. మా అమ్మాయికీ తప్పలేదు. అందరిలోకీ చిన్నది, నాలుగేళ్ళ పిల్ల, మూడు రోజులు హాస్పిటల్‌లో ఉంది, సెలైన్ ఎక్కించారు. అందరూ కోలుకున్నారు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, మీరు కంగారు పడకుండా. తిండి వల్లేనని డాక్టర్లు తేల్చారు గానీ, పదిహేను వంటకాల్లో ఏదంటే వాళ్ళు మాత్రం ఏం చెబుతారు?

వాట్సాప్ గ్రూపులో మొదలైంది. ఏం తిన్నారు, ఎవరు తిన్నారు. ఎవరో రాశారు, "పెరుగు గారెలు అయ్యుంటాయా?" అది చదవగానే నాకు, ఛీ, ఎలా చెప్పను, హాయిగా అనిపించింది. అక్కడితో ఊరుకున్నా కొంత నయం. ఊరుకోలేదు. "పొద్దున్నే చేసి కార్‌లో పెట్టి ఉంచారనుకుంటా, పెరుగు కదా" అని టైప్ చేశాను. మిషిగన్‌లో నవంబర్ నెల! కారు ఫ్రిజ్ కంటే చల్లగా ఉంటుంది. ఒక్కరైనా ఆ మాట అడిగి ఉంటే నా బండారం అక్కడే బయటపడేది. ఒక్కరూ అడగలేదు. పిల్లలు పక్కమీదున్నప్పుడు ఎవరికి తడుతుంది?

వారం తర్వాత రమణి తన స్టీలు గిన్నె కోసం వచ్చింది. చెప్పులు విప్పలేదు. గుమ్మం దగ్గరే నిలబడింది.

"అక్కా, మేం ముగ్గురం టర్కీ ముట్టుకోలేదు. మేం మాంసం తినం కదా. గారెలే తిన్నాం. మా పాప మూడు తింది. మాకేం కాలేదు. మరి గారెల వల్ల ఎలా అవుద్దక్కా?"

ఎంత సూటిగా అడిగిందో చూడండి. తప్పించుకోవడానికి దారి లేని ప్రశ్న. నేను మాత్రం దారి తీశాను.

"మీరు ఇండియా నుంచి కొత్తగా వచ్చారు రమణీ. మీ కడుపులు తట్టుకుంటాయి. ఇక్కడ పుట్టిన పిల్లలకి అంత ఇమ్యూనిటీ ఉండదు."

"పెరుగు ఆ పొద్దున తోడుకున్నదేనక్కా. తాజాది."

"నిన్నెవరూ ఏమీ అనట్లేదులే."

అందరూ అంటున్నారు. మొదలుపెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆమె తల ఊపింది. నేను గిన్నె తెచ్చి ఇచ్చాను. మా అమ్మ ఏ ఇంటి గిన్నె అయినా ఖాళీగా తిరిగి ఇవ్వదు, ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా వేసి ఇస్తుంది. నేనూ ఎప్పుడూ అంతే. ఆ రోజు ఖాళీ గిన్నె ఇచ్చాను. అది చూసుకుని, గిన్నె చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. నాకైతే ఆమె తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

మరుసటి ఏడాది షీట్ పెట్టినప్పుడు రమణి తన పేరు పక్కన 'పెరుగు గారెలు' అని రాసుకుంది. ఎవరో నాకు విడిగా మెసేజ్ చేశారు, పిల్లలున్నారు కదా, చూడండి అని. నేను ఆ గడిలోకి వెళ్ళి 'పేపర్ ప్లేట్లు' అని మార్చాను. "ఎందుకమ్మా శ్రమ, ఈసారి ప్లేట్లు తీసుకురా చాలు" అని ఫోన్‌లో ముద్దుగా చెప్పాను కూడా. సరేనక్కా అంది. ఆ తర్వాత ఇక నేను మార్చాల్సిన అవసరం రాలేదు. ఏటా తనే రాసుకునేది, పేపర్ ప్లేట్లు. మంచివి తెచ్చేది, మందంగా, మీద ఎర్రటి ఆకుల బొమ్మలున్నవి. ఎనిమిదేళ్ళు ఆమె తెచ్చిన ప్లేట్లలో అందరి వంటలూ తిన్నాం. సీమంతాలకి ఆమెను పిలిచేవారు, వంట మాత్రం అడిగేవారు కాదు. ఏటా నేను టర్కీ చేశాను, థర్మామీటర్ మూడు చోట్ల గుచ్చి మరీ చూసి. నా టర్కీకి పేరొచ్చింది. రెసిపీ అడుగుతారు. "చేతిలో ఉండాలండీ" అని నవ్వుతాను. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గదిలోనే ఉండేది.

ఎందుకు చెప్పలేదు? ఎన్నిసార్లు వేసుకున్నానో ఈ ప్రశ్న. మొదట్లో భయం, ఆ నాలుగేళ్ళ పిల్ల తల్లి మొహం ఎలా చూడాలని. తర్వాత సిగ్గు. ఆ తర్వాత అలవాటు. అలవాటే అన్నింటికంటే అన్యాయం, అందులో నొప్పి కూడా తెలియదు. రమణికి కారణం తెలుసా? తెలిసే ఉంటుంది, లెక్క తనే చెప్పింది కదా గుమ్మంలో నిలబడి. తెలిసి ఎందుకు ఊరుకుంది? కొత్తగా వచ్చిన మనిషి, ఉన్న ఒక్క అక్కనీ పోగొట్టుకోలేక ఊరుకుందేమో. అలా అనుకున్నప్పుడు మాత్రం నాకు ఏడుపాగదు.

ఈ ఏడు రమణి భర్తకి చాండ్లర్ అనే దూరపు ఊళ్ళో, కంప్యూటర్ చిప్‌ల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. డిసెంబర్‌లో వెళ్ళిపోతున్నారు. ఇది వాళ్ళకి ఇక్కడ ఆఖరి థాంక్స్‌గివింగ్. పోయిన ఆదివారం షీట్ తెరిచాను. ఎప్పటిలాగే ఆమె ముందే రాసేసింది, పేపర్ ప్లేట్లు. నా పేరు పక్కన గడిలో 'టర్కీ' అని రాయబోయి ఆగిపోయాను. ఏం రాస్తున్నానో ఆలోచిస్తే రాయలేనని తెలుసు. అందుకే గబగబా రాసేశాను. తొమ్మిదేళ్ళ కిందట పిల్లలకి జబ్బు చేసింది నా టర్కీ వల్ల. లోపల ఉడకలేదు. నేను చూశాను. చూసే పెట్టాను. రమణి గారెలకి ఏ దోషమూ లేదు. కార్‌లో ఉంచిందన్నది నేను కల్పించి చెప్పిన మాట. చిన్న గడి, పట్టలేదు, అక్షరాలు పక్క గడి మీదికి పారాయి. గ్రూపులో లింక్ పెట్టి, అందరూ చూడండి అన్నాను.

అందరూ చూశారు. ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. ఆనాటి నాలుగేళ్ళ పిల్ల తల్లి గ్రూపులోంచి వెళ్ళిపోయింది. ఆమెది తప్పంటే నా నోరు పడిపోతుంది. రమణికి రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మూడోసారి చెయ్యలేదు, నా మనశ్శాంతి కోసం ఆమెను వేధించే హక్కు నాకెక్కడిది? మావారు మాత్రం, "ఇన్నేళ్ళు ఒక్కదానివే మోశావా?" అన్నారు. మోసింది నేను కాదండీ, ఆవిడ, అన్నాను.

రేపే థాంక్స్‌గివింగ్. ఎవరు వస్తారో, అసలు ఎవరైనా వస్తారో తెలియదు. చాలా ఏళ్ళ తర్వాత నా కడుపు మాత్రం తేలిగ్గా ఉంది, ఆకలి కూడా వేసింది. సిగ్గులేని కడుపు. ఇందాక మళ్ళీ షీట్ తెరిచి చూశాను. రమణి పేరు అలాగే ఉంది. పక్క గడిలో 'పేపర్ ప్లేట్లు' అన్నది లేదు, తనే తుడిచేసింది. దాని చోట ఇంకా ఏమీ రాయలేదు.