సేఠ్ కాళ్ళ మీదికి వదిలిన బండ్లు

నిన్న పొద్దున కొత్త నైట్రో బండిలో ఇంధనం పోద్దామని డబ్బా మూత తిప్పగానే ఆ వాసన గుప్పుమంది. ఆముదంలో స్పిరిట్ కలిపినట్టుండే ఘాటు వాసన. నా వీడియోలు చూసేవాళ్ళలో చాలామందికి అది సరదా వాసన. నాకు మాత్రం మూత వెంటనే బిగించేయాలనిపిస్తుంది. రిమోట్‌తో నడిచే ఈ బుల్లి బండ్లను పరుగెత్తించి, ఎలా ఉన్నాయో ఉన్నదున్నట్టు చెప్పడం నా పని. ఇన్నేళ్ళొచ్చాయి, సిగ్గు లేకుండా ఇప్పటికీ భయపడతాను. ఆ భయం నాకు అంటించిన మనిషి విఠల్ సేఠ్.

సేఠ్‌ది తాండూరు బజారులో ఆటవస్తువుల దుకాణం. వాళ్ళ నాన్న కాలంలో అక్కడ కందుల వ్యాపారం చేసేవారట. నేను డిగ్రీ అయ్యాక వికారాబాద్ నుంచి రోజూ రైల్లో వచ్చి ఆ దుకాణంలో పనిచేసేదాన్ని. సేఠ్ భారీ మనిషి, తెల్ల పైజామా, బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం. నైట్రో బండ్లంటే ఆయనకు పిచ్చి. బండి మూరెడు పొడవే ఉంటుంది గానీ అసలు ఇంజను, అసలు పొగ, చెవులు చిల్లులు పడే మోత. మోటారు సైకిల్‌తో పోటీపడి ఉరుకుతుంది. ఏ బండినైనా అమ్మే ముందు దాని మంచీ చెడూ వీడియో తీసి పెట్టాలనేది ఆయన పట్టుదల. మాట్లాడేది నేను.

ఊరి చివర మూతపడిన నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్ ఆవరణలో బండ్లను పరీక్షించేవాళ్ళం. వేగం చూశాక, రాళ్ళ మీద దూకించాక, చివర్లో నా ప్రాణాలు తోడేసే పని ఒకటుండేది. సేఠ్ ఆ కొసన స్టూలు వేసుకుని కాళ్ళు చాపి కూర్చునేవారు. నేను బండిని నేరుగా ఆయన మీదికి వదిలి, సగం దారిలో రిమోట్ ఆపేయాలి. సిగ్నల్ తెగితే బండి తనంతట తానే బ్రేకు వేసుకోవాలి. లేకపోతే ఎవరి మీదికి పోతుందో చెప్పలేం. ఆ ఒక్కటీ చూడకుండా ఆయన ఏ బండినీ మంచిదని అననిచ్చేవారు కాదు.

"గోడ మీదికి ఇడిసి చూద్దాం సేఠ్. మీరెందుకు కూసునుడు?" అన్నాను మొదటి రోజే.

"గోడ అయితే నువ్వు సగం మనసుతోని చూస్తవ్. నేనుంటే కండ్లు పెద్దగ జేసి చూస్తవ్. ఇడువు బిడ్డా, ఫికర్ చెయ్యకు."

నిజమే, రెప్ప వేసేదాన్ని కాదు. చెమటకు రిమోట్ చేతిలోంచి జారేది. బండి ఆయన చెప్పులకు బారెడు దూరంలో ఆగితే అప్పుడు ఊపిరి పీల్చుకునేదాన్ని. ఈ పాడు ఉద్యోగం మానేస్తానని అమ్మ దగ్గర ఎన్నిసార్లు ఏడ్చానో! తెల్లారితే మళ్ళీ రైలెక్కేదాన్ని.

ఆ వానాకాలం ఒక పెద్ద బండి వచ్చింది. దాన్ని పంపిన డీలరు సేఠ్‌కు చిన్ననాటి దోస్తు. "జర మంచిగ చెప్పించు" అని ఫోన్ కూడా చేశాడు. మర్పల్లి నుంచి వచ్చిన ఒక టీచరమ్మకు ఆ బండి తెగ నచ్చింది. కూతురి పుట్టినరోజుకు కావాలని, పిల్ల వాకిట్లోనే నడుపుకుంటుందని, మా వీడియో చూసి కొంటానని చెప్పి వెళ్ళింది.

ఆ రోజు కూడా సేఠ్ స్టూలు మీద కూర్చున్నారు. బండి వదిలాను. సగం దారిలో రిమోట్ ఆపాను. మోత తగ్గలేదు. మళ్ళీ రిమోట్ వేసి బ్రేకు నొక్కాను. వింటేనా!

"సేఠ్! లేవుండ్రి!"

ఆ భారీ మనిషి సగం లేచేలోపే బండి ఆయన మోకాలి కింద కొట్టింది. ఆయన పడ్డారు. బండి తిరగబడి, చక్రాలు గాల్లో తిరుగుతూ అరుస్తూనే ఉంది. దానికి ఆపే స్విచ్ ఉండదు, పొగగొట్టం మూసి ఊపిరాడకుండా చేయాలి. చున్నీ కుక్కాను, చెయ్యి చుర్రున కాలింది. మోత ఆగిపోయాక అటు తిరిగాను. సేఠ్ కళ్ళు మూసుకుని కదలకుండా ఉన్నారు. చంపేశాను దేవుడా అనుకున్నాను. కాసేపటికి ఆయన పెదవులు కదిలాయి. "ఆగిందా?" అన్నారు.

కాలి ఎముక విరిగింది. మర్నాడు దుకాణంలో నిలబడి వీడియో తీశాను. చెత్త బండి, ముట్టుకోకండి, తెచ్చినవాడికి బుద్ధి లేదు అని దులిపేశాను. ఆస్పత్రిలో ఉన్న సేఠ్‌కు ఆ వీడియో తీసుకెళ్ళి చూపించాను, శభాష్ అంటారని.

"ఇంజన్ ఎట్లున్నది?" అన్నారు.

"మీ కాలు ఇరగ్గొట్టింది సేఠ్!"

"గది కాదు అడిగింది. ఇంజన్ ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నది. తాడు ఒక్క గుంజుడుకే అందుకున్నది."

"మల్ల గది చెప్పలేదేంది? నీ భయం మాట్లాడింది బిడ్డా, నువ్వు మాట్లాడలే. గిట్ల తిడితే ఏదో కోపమున్నదనుకుంటరు. మంచిగున్నది మంచిగున్నదను. ఆగలేదని గూడ చెప్పు. గప్పుడు ఆ టీచరమ్మ నమ్ముతది." పక్కన ఫోన్ మోగుతోంది, డీలరుది. సేఠ్ దాన్ని బోర్లించారు. "నా దోస్తానా సంగతి నేను చూసుకుంట. నువ్వు పో."

మళ్ళీ తీశాను. నా కాలిన చేత్తోనే ఆ ఇంజనును పట్టుకుని మెచ్చుకుంటుంటే ఏడుపొచ్చింది. టీచరమ్మ ఆ బండి కొనలేదు. సేఠ్ దోస్తు మళ్ళీ ఆ దుకాణం మెట్లెక్కలేదు, సేఠ్ చనిపోయినప్పుడు కూడా రాలేదు.

ఇప్పుడు నేను బండికి ఎదురుగా ఎవరినీ కూర్చోబెట్టను, ఇసుక బస్తా పెడతాను. ఫలానాది ఆగలేదని చెప్పడానికి ఇప్పుడు నాకు జంకు లేదు, ఎవరు ఫోన్ చేసి బెదిరించినా సరే. ఆగుతుంది అని చెప్పాలంటేనే ప్రాణం మీదికి వస్తుంది. ఆ మాట నమ్మి ఎవరో ఒక తల్లి పిల్లను బండితో వదిలి లోపలికి వెళ్తుంది. నిన్నటి బండి ఆగింది. ఇంధనం అయిపోయేదాకా మళ్ళీ మళ్ళీ వదిలాను, ప్రతిసారీ ఆగింది. అప్పుడు కెమెరా ముందు నిలబడి, "నేను చూసినప్పుడల్లా ఆగింది" అన్నాను. గొంతు వణికింది. వీడియోలో అది అలాగే ఉంచాను.